వాయిదా కార్డు

ఆగస్టు 3

అత్తయ్యా,

నీ ఉత్తరం అందింది. ఆసుపత్రికి కొత్త ఉతుకు మిషను వచ్చిందనీ, అది రోజుకి రెండు దిండుగలీబులు మింగేస్తోందనీ రాశావు కదా, అది నా గదిలో ఉండే అమ్మాయికి చదివి వినిపించాను. "మీ అత్తయ్య దుప్పట్ల గురించి రాసినా చదవబుద్ధేస్తుందే" అంది. పొంగిపోకు. ఆ అమ్మాయి బస్సు టిక్కెట్టు వెనకాల ఉన్నది కూడా చదివే రకం.

నువ్వు ఫోను చెయ్యలేదని నాకేం కోపం లేదు. ఫోనులో నువ్వు "ఆఁ? ఆఁ?" అంటావు, నేను అరుస్తాను, హాస్టల్లో వాళ్లంతా మనం పోట్లాడుకుంటున్నాం అనుకుంటారు. ఇరవై ఏళ్లు ఆ మిషన్ల పక్కన నిలబడిన చెవులు, వాటినేం అంటాం. మనకి ఉత్తరాలే నయం.

ఇక నా సంగతి. కాలేజీలో రెండో అంతస్తు చివర ప్లేస్‌మెంట్ ఆఫీసు ఉందని చెప్పానుగా. ఆఖరి సంవత్సరం వాళ్లందరం ఇప్పుడు అక్కడే కాపురం. మూడు కుర్చీలు, ఒక ప్రింటరు, గోడకి కొక్కెం మీద ఒక నల్లకోటు. ఇంటర్వ్యూకి కోటు లేనివాళ్లు రిజిస్టర్లో సంతకం పెట్టి దాన్ని తీసుకెళ్లి, మళ్లీ తెచ్చి తగిలించాలి. నాకు భుజాల దగ్గర జారిపోతోంది. గుండుసూదులు పెట్టుకుని వెళ్లాను రెండుసార్లు. రెండుసార్లూ కోటు తిరిగొచ్చింది కానీ ఉద్యోగం రాలేదు.

ఇప్పటికి పదిహేడు చోట్లకి దరఖాస్తులు పంపాను. పదకొండు చోట్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు. మిగతా ఆరుగురూ "మీ దరఖాస్తును శ్రద్ధగా పరిశీలించాం" అని ఒకటే వాక్యం. అందరూ ఒకే చోట కూర్చుని రాసుకున్నట్టున్నారు. క్లాసులో సగం మందికి ఉద్యోగాలు వచ్చేశాయి. వచ్చినవాళ్లు కారిడార్లో మెల్లగా నడుస్తున్నారు, రానివాళ్లం గబగబా నడుస్తున్నాం. మార్చిలో నీ ఉద్యోగ విరమణ, ఏప్రిల్లో నా హాస్టలు ఖాళీ చెయ్యడం. ఈలోగా నాకు ఏదో ఒకటి రాకపోతే ఎలాగని తల బద్దలు కొట్టుకుంటున్నాను.

నిన్న ఆ ఆఫీసు మేడమ్ నా దరఖాస్తు ముందేసుకుని ఎర్ర పెన్నుతో గీతలు గీసింది. ఆవిడ ఒకప్పుడు కోర్టులో ప్రాక్టీసు చేసింది. "మార్కులు అందరికీ ఉన్నాయి. అసలు నువ్వు లా ఎందుకు చదువుతున్నావో నాకు చెప్పు" అంది. ముందు వాదన పోటీల గురించి చెప్పాను. తర్వాత నాన్న సంగతి చెప్పాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టి విన్నది. "ఇది రాయి, మొదటి పేరా ఇదే" అంది. ఇద్దరం కూర్చుని ఇలా రాశాం:

"మా నాన్న బస్సు డిపోలో మెకానిక్కు. చెయ్యని తప్పుకి ఉద్యోగం తీసేశారు. దాని కోసం నాలుగేళ్లు కోర్టులో పోరాడాడు. ఆయన సాక్ష్యం చెప్పాల్సిన రోజు ఎప్పుడో తెలియజేస్తూ లాయరు కార్డు వెయ్యలేదు. ఆయన వెళ్లలేదు. కేసు కొట్టేశారు. నేను కార్డు వేసే లాయరుని కావాలని ఈ చదువుకి వచ్చాను."

చివరి వాక్యం నాదే. మేడమ్ దాని కింద గీత గీసి "బాగుంది" అంది. అప్పట్లో వాయిదా తేదీ పోస్టుకార్డు మీద రాసి పంపేవాళ్లని మా క్లాసు వాళ్లకి తెలియనే తెలియదు. ఎలా ఉందో రాయి.

నీ ప్లీడరమ్మ

*

ఆగస్టు 11

మా ప్లీడరమ్మకి అత్తయ్య ఆశీస్సులు.

కోటు భుజాలు జారుతుంటే గుండుసూదులు పెట్టుకోకు, గుచ్చుకుంటాయి. లోపలివైపు రెండు మడతలు వేసి పెద్ద పెద్ద కుట్లు వేసుకో, వచ్చాక లాగేస్తే ఊడిపోతాయి. నేను అక్కడుంటే అయిదు నిమిషాల పని. దారం నల్లది కొనుక్కో, నీలం రంగుది నల్లగా కనిపిస్తుందని కొంటావు నువ్వు.

మిషను సంగతి తేలింది. గలీబుల్ని అది మింగడం లేదట, డ్రమ్ముకీ తలుపుకీ మధ్య ఇరుక్కుంటున్నాయట. బాగుచేసేవాడు వచ్చి పదకొండు గలీబులు తీశాడు. ఇన్నాళ్లూ లెక్క తగ్గిందని మేట్రన్ నా వంక అదోలా చూస్తుండేది. ఇవాళ టీ పంపించింది. నేను తాగలేదు. తర్వాత తాగాననుకో.

నువ్వు రాసిన ఆ పేరా చదివాను. అది తీసెయ్. మార్కులున్నాయి, వాదన పోటీల్లో కప్పులొచ్చాయి, అవి రాసుకో. పోయిన మనిషిని ఇంటర్వ్యూలకి వెంట తిప్పడమేమిటి. ఎవరి ఇంట్లో ఏం జరిగిందో పెద్ద ఆఫీసుల వాళ్లకెందుకు. జాలిపడి ఇచ్చే ఉద్యోగం మనకొద్దు. నా మాట విని తీసెయ్.

వేళకి తింటున్నావా లేదా అది రాయలేదు.

అత్తయ్య

*

ఆగస్టు 19

అత్తయ్యా,

తింటున్నాను. కుట్లు వేసుకున్నాను, నల్లదారంతోనే.

పేరా మాత్రం తియ్యలేదు. నీ ఉత్తరం వచ్చేసరికే పంపించేశాను, కానీ ముందే వచ్చినా తీసేదాన్ని కాదేమో. నిజం చెప్పాలంటే నీ ఉత్తరం చదివి నాకు ఏడుపొచ్చింది. నీకు నాన్నంటే నామోషీ అని నాకు ఇంతకాలం తెలియదు. నా చిన్నప్పుడు బళ్లో "తండ్రి వృత్తి" అని ఉన్నచోట నువ్వు గీత గీసి వదిలేసేదానివి. పోయారు కాబట్టి అనుకునేదాన్ని. మెకానిక్కని రాయడానికి నీకు చెయ్యి రాలేదా? ఉద్యోగం పోగొట్టుకున్న మనిషని సిగ్గా? జాలిపడి ఇచ్చేది వద్దన్నావు. నేను జాలి అడగలేదు. ఆయనకి జరిగింది అన్యాయమని నాలుగు ముక్కలు రాశాను. ఈ మాటలు కోపంలో రాస్తున్నాను, అయినా కొట్టెయ్యను.

ఇంకో సంగతి విను. ఆ పేరా పంపిన ఆరో రోజున పిలుపొచ్చింది. కార్మికుల కేసులు వాదించే ఆఫీసు. చిన్నదే, నలుగురు లాయర్లు. వాళ్ల ఉత్తరంలో "మీరు రాసిన మొదటి పేరా గురించి మాట్లాడాలనుకుంటున్నాం" అని ఉంది. పద్దెనిమిదో దరఖాస్తు నన్ను మనిషిగా చూసింది. అది కూడా నాన్న వల్లే.

ఇంటర్వ్యూ సెప్టెంబరు చివర్లో. ఉత్తరం చూడగానే మేడమ్ సంతోషపడి, వెంటనే నా సంతోషం మీద నీళ్లు కూడా చల్లింది. "వాళ్లు లాయర్లు. కథ విని కళ్లు తుడుచుకోరు, కాగితం ఏదీ అంటారు. మీ నాన్న కేసు ఇక్కడి కోర్టులోనే కదా నడిచింది, రికార్డు రూముకి వెళ్లి నకలు తెచ్చుకో. దరఖాస్తులో ఉన్న ప్రతి మాట వెనకా ఒక కాగితం ఉండాలి" అంది. నాన్న పెట్టెలోంచి నేను తెచ్చుకున్న డిపో ఉత్తర్వు మీద కేసు నంబరు పెన్సిలుతో రాసి ఉంది. సోమవారం వెళ్తాను.

నీకు ఆ రోజుల సంగతి ఇంకేమైనా గుర్తుంటే రాయి. లాయరు పేరు, ఏ నెల, ఏమైనా సరే.

నీ ప్లీడరమ్మ

*

ఆగస్టు 27

మా అమ్మడికి,

నామోషీ అన్నావు. ఆ మాట నాకు రోజంతా లోపల తిరుగుతూనే ఉంది. మా అన్నయ్య గురించి నేను నామోషీ పడ్డానని అనే మనిషి ఈ భూమ్మీద నువ్వొక్కతివే, నిన్ను నేనేమీ అనలేను. మీ నాన్న ఏ బస్సు చప్పుడు విన్నా దాని జబ్బేమిటో చెప్పేవాడు. రోడ్డు మీద వెళ్లే బస్సుని ఆపి డ్రైవరుకి చెప్పొచ్చేవాడు. ఆయన పని పోగొట్టిన ఆ బ్రేకుల పరీక్ష కాగితం మీద సంతకం ఆయనది కాదు. అది నాకు తెలుసు, డిపోలో అందరికీ తెలుసు.

పిలుపొచ్చినందుకు సంతోషం. కానీ రికార్డు రూములూ అవీ నీకెందుకు. ఇరవై ఏళ్ల నాటి కాగితాలు చెదలు పట్టి ఉంటాయి, దుమ్ము నీకు పడదు, దగ్గొస్తుంది. అడిగితే "మా అత్తయ్య చెప్పగా విన్నాను" అను. అది చాలదా. లాయరు పేరు నాకు గుర్తులేదు. ఏ నెలో కూడా గుర్తులేదు. నువ్వు అప్పుడు నాలుగేళ్ల పిల్లవి, నీకు ఒళ్లంతా పొక్కులు వచ్చి నిన్ను ఎత్తుకోనిస్తే ఒట్టు.

ఇంకో మాట అడగాలి. ఆ పేరాలో లాయరు సంగతి తీసేసి, కేసు పోయింది అని మాత్రం రాస్తే సరిపోదా? మీ మేడమ్‌ని అడుగు. నువ్వు సోమవారం వెళ్లిపోయి ఉంటావు ఈపాటికి.

అత్తయ్య

*

సెప్టెంబరు 8

అత్తయ్యా,

వెళ్లాను. మూడుసార్లు తిరిగాను. మొదటిసారి ఫారం తప్పన్నారు, రెండోసారి చూసే ఆయన సెలవన్నారు. మూడోసారి ఒకాయన నిచ్చెనెక్కి కట్ట కింద పడేశాడు. దుమ్ము సంగతి నువ్వు చెప్పినట్టే అయింది. నాన్న సంతకం చూశాను అత్తయ్యా. మొదటి అక్షరం పెద్దగా వేసి, మిగతావి తొందరగా గీసేసేవాడా ఆయన? కాసేపు ఆ పేజీ తిప్పలేకపోయాను.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు, మనం ఇన్నాళ్లూ అనుకున్నది వేరు. కేసు కొట్టేసిన పదో రోజున లాయరు దాన్ని మళ్లీ తెరవమని పిటిషను వేశాడు. మనకి ఆ సంగతే తెలియదు కదా. అందులో "నా గుమాస్తా అజాగ్రత్త వల్ల కక్షిదారుకి కార్డు వెయ్యడం జరగలేదు, కక్షిదారు తప్పు లేదు" అని రాశాడు. అంటే తప్పు గుమాస్తాది. హమ్మయ్య, కాగితం దొరికిందని సంతోషపడ్డాను కూడా. ఆ వెనక పేజీలో గుమాస్తా కోర్టుకి రాసుకున్న ఉత్తరం ఉంది. మూడే మూడు వాక్యాలు. "కార్డు నేనే రాశాను. నేనే పెట్టెలో వేశాను. వెయ్యలేదని సంతకం పెట్టలేను."

నిచ్చెనెక్కినాయన్ని అడిగితే "ఆయనా? ఇక్కడే గేటు పక్కన రేకుల కింద కూర్చుని ఫారాలు నింపుతాడు" అన్నాడు. వెళ్లాను. అరవై అయిదేళ్లు ఉంటాయి. చొక్కా జేబులో నాలుగు పెన్నులు. నాన్న పేరు చెప్పగానే నన్ను కాసేపు చూసి "డిపో మెకానిక్కు గారి అమ్మాయివా" అన్నాడు. ఇరవై ఏళ్ల కింద వేసిన కార్డు మీది అడ్రసు తడుముకోకుండా చెప్పాడు. మన పాత ఇంటి నంబరు, "పంపు ఎదురుగా" అన్నదానితో సహా. "సాక్ష్యం రోజు కదమ్మా, ‘తప్పకుండా రావలెను’ అని రాసి కింద ఎర్ర సిరాతో రెండు గీతలు గీశాను. అంతకుముందు వాయిదాలకి ఊరికే రావద్దని, కార్డు వస్తేనే రమ్మని మీ నాన్నకి చెప్పింది కూడా నేనే. అందుకే జ్ఞాపకం" అన్నాడు.

పిటిషనులో గుమాస్తా మీద నెట్టడం కోర్టుల్లో మామూలేనట. కేసు బతకడానికి అందరూ రాసే మాటేనట. "ఒక సంతకం, పెట్టవయ్యా" అన్నాడట లాయరు. ఈయన పెట్టనన్నాడు. అప్పటికే నాన్న కోర్టు వరండాలో లాయరు కాలరు పట్టుకుని గొడవ చేశాడు, నాన్న కూడా ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. ఇద్దరి సంతకాలూ లేక పిటిషను పోయింది. లాయరు ఈయన్ని పనిలోంచి తీసేశాడు. కార్డు వెయ్యడం మరిచిపోయిన గుమాస్తా అని పేరు పడిపోయి ఇంకెవరూ తీసుకోలేదు. అంతా చెప్పి ఆయన నాతో ఏమన్నాడో తెలుసా? "నేను ఆ సంతకం పెట్టేసి ఉంటే మీ నాన్న కేసు బతికేదేమోనమ్మా. ఎన్నిసార్లు అనుకున్నానో" అన్నాడు. ఆయన వేసిన కార్డునే వెయ్యలేదని నేను దరఖాస్తులో రాశాను. చివరి వాక్యం కింద మేడమ్ గీత గీసిందని పొంగిపోయాను.

కాబట్టి లాయరు కాదు, గుమాస్తా కాదు. మిగిలింది పోస్టుమాన్. మన వీధికి వచ్చే పొట్టి పోస్టుమానే కదా అప్పుడు కూడా? నాకు ఉత్తరాలు లేకపోయినా ఉత్తుత్తి కవరు ఇచ్చి వెళ్లేవాడు, ఆయనేనా? ఆయన తాగేవాడని ఎవరో అనేవారు, నిజమా? పేరాలో ఆ వాక్యం మార్చి, పోస్టులో పోయిన కార్డు గురించి రాసి ఇంటర్వ్యూలో ఇద్దామనుకుంటున్నాను. నీకు తెలిసింది రాయి. ఆయన మీద ఎవరైనా ఫిర్యాదు చేశారా అప్పట్లో?

నీ ప్లీడరమ్మ

*

సెప్టెంబరు 15

అమ్మడూ,

ఆ పోస్టుమాన్ తాగేవాడు కాదు. ఆయన్ని ఏమీ అనకు. కార్డు తెచ్చి నా చేతికిచ్చాడు.

ఈ వాక్యం రాయడానికి మూడు రోజులు పట్టింది. ఇంక మిగతాది రాసేస్తాను, మధ్యలో ఆపితే మళ్లీ రాయలేను.

అప్పటికి రెండేళ్లుగా నేను ఉద్యోగాలకి కాగితాలు పెడుతూనే ఉన్నాను. నీలాగే. మీ అమ్మ పోయి, అన్నయ్య పని పోయి, ఇంట్లో నేనే కుట్టుపని చేసి నెట్టుకొస్తున్నాను. ఆసుపత్రి దుప్పట్ల గదిలో మనిషి కావాలని పిలుపొచ్చింది. నా వయసుకి అదే ఆఖరి అవకాశం, ఇంకో ఆరు నెలలు దాటితే తీసుకోరు. ఆ పిలుపొచ్చిన నాలుగో రోజున ఈ కార్డు వచ్చింది. రెండింటి మీదా ఒకటే తేదీ. ఒకటే వేళ, పొద్దున పది.

నీకు ఒళ్లంతా పొక్కులు, జ్వరం. అంటుకుంటుందని ఎవరూ గుమ్మం తొక్కడం లేదు. అన్నయ్య కోర్టుకి వెళ్లాలంటే ముందు రోజే బండెక్కాలి. ఆయన వెళ్తే నేను ఇంట్లో ఉండాలి, నేను వెళ్తే ఆయన ఉండాలి. కార్డు చూపిస్తే ఆయన "నువ్వే వెళ్లవే, నేను ఉంటాలే" అని కూడా అని ఉండేవాడేమో. లేకపోతే నేనే "నువ్వు వెళ్లన్నయ్యా" అని ఉండేదాన్నేమో. అడగలేదు. నాలుగేళ్లలో ఎన్ని వాయిదాలు పడ్డాయో నీకు తెలియదు. జడ్జి రాలేదని, అవతలివాళ్లు రాలేదని, ఏదో ఒకటి. ఇది కూడా వాయిదా పడుతుందిలే, ఒక్కసారే కదా అనుకున్నాను. ఎర్ర గీతలు చూశాను. రెండు గీతలు. చూసి కూడా పొయ్యిలో వేశాను.

ఆ రోజు పొద్దున నా తల అన్నయ్యే దువ్వాడు, ముడి వంకరగా వచ్చిందని మళ్లీ విప్పి వేశాడు. "భయపడకు, అడిగినదానికి మాత్రం చెప్పు" అన్నాడు. నిన్ను ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు.

కేసు పోయిందని డిపోలో తెలిసి ఇంటికొచ్చి "కార్డేమైనా వచ్చిందా?" అని అడిగాడు. రాలేదన్నాను. ఒక్క మాట. రేపు చెబుదామనుకున్నాను. మర్నాడే ఆయన బండెక్కి వెళ్లి లాయరు కాలరు పట్టుకుని వచ్చాడు. ఆ తర్వాత ఎలా చెప్పను? ఆ వారమే నాకు ఉద్యోగం ఇచ్చినట్టు కాగితం వచ్చింది. "పోనీలే, మనింట్లో ఒకరికైనా వచ్చింది" అన్నాడు, నవ్వుతూ అన్నాడు. ఆయన మంచం పట్టాక చెబుదామనుకున్నాను. పడుకున్న మనిషికి ఇదేం మాటలే అనుకున్నాను. మూడేళ్లు అలాగే గడిపి పోయాడు.

నిన్ను ఆ జీతంతోనే పెంచాను. లా చదువుతానంటే నాకు గుండెల్లో రాయి పడింది, అయినా ఆనందంగానే పంపిస్తున్నట్టు నటించాను. బళ్లో "తండ్రి వృత్తి" దగ్గర నా చెయ్యి ఎందుకు ఆగేదో ఇప్పుడు తెలిసిందా. నామోషీ ఆయన వల్ల కాదు.

ఆ గుమాస్తా సంగతి నాకు తెలియదు. ఒట్టు, తెలియదు. లాయరుకేం, పెద్దమనిషి, ఒక కేసు పోతే పోయింది అనుకున్నాను ఇన్నాళ్లూ. ఒకాయన పని పోయిందనీ, ఇరవై ఏళ్లుగా రేకుల కింద కూర్చున్నాడనీ నువ్వు రాస్తే తెలిసింది.

క్షమించమని రాసి కొట్టేశాను. అడగడానికి నాకు మొహం లేదు.

అత్తయ్య

*

అక్టోబరు 2

అమ్మడూ,

పదిహేడు రోజులైంది. నీ ఇంటర్వ్యూ అయిపోయి ఉంటుంది. ఏమైందో తెలియదు. ఫోను చేస్తే నీ గదిలో అమ్మాయి తీసింది. తను చెప్పినది నాకు వినబడలేదు, "బాగానే ఉంది" అన్న రెండు మాటలు మాత్రం అందాయి. అంతటితో పెట్టేశాను.

నువ్వు తిట్టినా రాయి. ఉట్టి కవరు పంపినా సరే. బతికున్నావని తెలుస్తుంది.

ఇక్కడ పనిలో కొత్తేమీ లేదు. దుప్పట్లు వస్తున్నాయి, పోతున్నాయి.

అత్తయ్య

*

అక్టోబరు 14

అత్తయ్యా,

రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది మూడోది. జరిగినవి జరిగినట్టు రాస్తాను, మధ్యలో నన్ను నేను ఓదార్చుకోకుండా.

ఇంటర్వ్యూకి వెళ్లాను. ముగ్గురు కూర్చున్నారు. పెద్దాయన నా దరఖాస్తు చేతిలో పట్టుకుని "కార్డు వేసే లాయరు, ఈ మాట మా ఆఫీసులో అందరికీ చదివి వినిపించానమ్మా" అన్నాడు. నేను ఆ పేరా నిజం కాదని చెప్పాను. "అబద్ధం రాశారా?" అని అడిగాడు. తెలియక రాశాను, కార్డు వచ్చింది, లాయరు తప్పు లేదు, ఆయన గుమాస్తా తప్పు అసలే లేదు అన్నాను. "మరి ఎవరి తప్పు?" అంటే, అది మా ఇంటి సంగతి, చెప్పలేనన్నాను. మంచివాళ్లే. మంచినీళ్లు తెప్పించారు. మిగతా ప్రశ్నలు అడిగారు, బాగానే చెప్పాను. నాలుగో రోజున ఉత్తరం వచ్చింది. శ్రద్ధగా పరిశీలించారట.

మేడమ్ తల పట్టుకుంది. "ఆ పేరా వల్లే పిలిచారు కదా, నోరు మూసుకుని ఉండాల్సింది" అంది. కాసేపయ్యాక నా పక్కన కూర్చుని ఇంకో దరఖాస్తు ఫారం తీసింది. మొదటి పేరా చోట ఏం రాయాలో ఇద్దరికీ తెలియలేదు. ఖాళీగా వదిలేశాం.

నీ మీద కోపం ఉందా అంటే ఉంది. చాలా ఉంది. నాన్న లేకపోవడం నాకు అలవాటే, కానీ ఆయన మనసులో ఆ మూడేళ్లు ఏముందోనన్నది నాకు కొత్తగా వచ్చిన బాధ. కాలరు పట్టుకున్నందుకు సిగ్గుపడ్డాడా, నీకు ఉద్యోగం వచ్చిందని నిజంగానే నవ్వాడా, ఇవన్నీ ఆలోచిస్తూ పాఠాలు వినడం లేదు. ఇంకోపక్క, నేను తిన్న ప్రతి ముద్దా, చదివిన ప్రతి పుస్తకం ఆ రోజు నువ్వు వెళ్లి కూర్చున్న ఇంటర్వ్యూలోంచే వచ్చాయి. ఆ రోజు నువ్వు వెళ్లకపోతే నేను ఇక్కడ ఉండేదాన్ని కాదు. అందుకని నిన్ను పూర్తిగా తిట్టడం కూడా నాకు చేతకావడం లేదు. అది నీ మీద ఇంకో కోపం.

నిన్న గుమాస్తా గారి దగ్గరికి వెళ్లాను. నిన్ను అడగకుండా వెళ్లాను, అడగాలనిపించలేదు. ఎవరికో ఫారం నింపుతున్నాడు, అయ్యేదాకా బెంచీ మీద కూర్చున్నాను. తర్వాత చెప్పాను. కార్డు చేరింది, మా అత్తయ్య పొయ్యిలో వేసింది అని. ఆయన పెన్ను మూత పెట్టాడు. "చేరిందా" అన్నాడు. చేరిందన్నాను. "చేరిందన్నమాట" అన్నాడు మళ్లీ. ఎందుకు అలా చేసిందని అడిగాడు. అదే రోజు ఆవిడకి ఉద్యోగం ఇంటర్వ్యూ ఉందని చెప్పాను.

"వచ్చిందా ఆవిడకి?"

"వచ్చింది."

"ఊఁ" అన్నాడు. అంతే. తిడతాడేమోనని వెళ్లాను, తిట్టినా బాగుండేది.

నీ ఉత్తరం చూపించమన్నాడు. ఇచ్చాను. కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చదివాడు. ఎర్ర గీతల దగ్గర వేలు పెట్టి ఆగాడు. తర్వాత మడిచి, లేచి నిలబడి, "ఒక్క అరగంట ఉండమ్మా. ఇంటికెళ్లి మా ఆవిడకి చూపించి తెస్తాను, తను కూడా నమ్మలేదు నన్ను" అన్నాడు. నాలుగడుగులు వేశాడు. అక్కడే నిలబడిపోయాడు. తర్వాత మెల్లగా తిరిగొచ్చి కూర్చుని, కాగితం నా చేతికిచ్చి, ఇంకో ఫారం ముందుకి లాక్కున్నాడు. పక్కన కూర్చునే ఆయన నాతో చిన్నగా చెప్పాడు, ఆవిడ పోయి రెండేళ్లయిందట.

వచ్చే ముందు ఆయన తలెత్తకుండానే ఒక మాట అన్నాడు. "మీ అత్తయ్యని ఒకసారి రమ్మను. ఏమీ అననులే. కార్డు అందుకున్న మనిషిని చూడాలని ఉంది" అన్నాడు.

ఆదివారం పొద్దున బండికి రా. ఆయన ఆ రోజు కూడా అక్కడే ఉంటాడట, ఇంట్లో ఉండలేక. నన్ను మాట్లాడించాలని చూడకు, నా నోట మాట వస్తుందో రాదో నాకే తెలియదు. స్టేషన్లో మెట్లు చాలా ఉన్నాయి, బాగా నిటారుగా ఉంటాయి, నువ్వు ఒక్కదానివీ దిగలేవు. నేను ప్లాట్‌ఫారం మీదే ఉంటాను. చెయ్యి పట్టుకుంటాను.

నీ మేనకోడలు